డిస్క్ అర్రే డైరీ: ఒకే డిస్కు, ఎన్ని పేర్లు, ఎన్ని దారులు

పన్నెండు డిస్కుల పెట్టెను ఒక సర్వర్‌కి తగిలించాలి. ఆ సర్వర్ నుంచి నెట్‌వర్క్ మీదుగా ఇంకో రెండు సర్వర్లకు స్టోరేజ్ ఇవ్వాలి. పని ఇంతే. ఏ మాన్యువల్ తెరిచినా మొదట ఒక పదాల పట్టిక ఉంటుంది: హెచ్‌బీఏ, జేబాడ్, ఎక్స్‌పాండర్, మల్టీపాత్, టార్గెట్, ఇనిషియేటర్, లన్. అది చదివి అర్థమైందనుకునే మొదలుపెట్టాను. ఒక్కో పదం నిజంగా బుర్రకెక్కింది మాత్రం దాని దగ్గర పని ఆగిపోయినప్పుడే. అందుకే ఇక్కడ పదాలు అక్షర క్రమంలో కాకుండా, నేను దెబ్బతిన్న వరసలో వస్తాయి.

ఇదే పని చేయబోయేవాళ్ళు ప్రతి దశలో మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ డిస్కు ఏ పేరుతో కనిపిస్తోంది? ఎన్ని దారుల్లో కనిపిస్తోంది? ఎవరెవరికి కనిపిస్తోంది? నేను పోగొట్టుకున్న గంటల్లో చాలావరకు ఈ మూడింటిలో ఏదో ఒకటి అడక్కపోవడం వల్లే పోయాయి.

సామాను:

1. 12 ట్రేల డిస్కుల పెట్టె ఒకటి. లోపల రెయిడ్ కంట్రోలర్ లేదు. (చాలా డిస్కులను కలిపి ఒకటిగా, ఒకటి రెండు పోయినా డేటా నిలిచేలా వాడుకోవడం రెయిడ్; అలా కలిపిన డిస్కుల గుంపు అర్రే.) ఇలా డిస్కులను ఉన్నవి ఉన్నట్టు చూపించే పెట్టెనే జేబాడ్ అంటారు. వెనక కేబుల్ తగిలించే రెండు ఐఓ మాడ్యూల్స్ ఉన్నాయి.
2. 4 టీబీ సాస్ డిస్కులు (సర్వర్లకు వాడే రకం) 12. నిమిషానికి 7,200 చుట్లు తిరిగేవి. ఒక పాత అర్రే నుంచి తీసినవి.
3. సర్వర్ ఎ: పెట్టె దీనికే తగులుతుంది. 6 జీబీపీఎస్ సాస్ కార్డు, రెండు 10 గిగాబిట్ పోర్టులు.
4. సర్వర్ బి, సర్వర్ సి: స్టోరేజ్ వాడుకునేవి. వీటికీ రెండేసి 10 గిగాబిట్ పోర్టులు.

దశ 1: డిస్కులు ఉన్నాయి, సైజు సున్నా

పెట్టె ఆన్ చేస్తే 12 పచ్చ లైట్లూ వెలిగాయి. లైనక్స్‌లో చూస్తే 12 డిస్కులూ కనిపించాయి, కానీ అన్నిటి సైజూ సున్నా. కెర్నెల్ లాగ్‌లో ఒక్కో డిస్కుకి ఒక్కో లైను: సెక్టర్ సైజు 520, దీన్ని సపోర్ట్ చేయను.

మామూలు డిస్కులో సెక్టర్ 512 బైట్లు, కొత్త వాటిలో 4,096 బైట్లు. కొన్ని ఎంటర్‌ప్రైజ్ అర్రేలు 520 బైట్ల సెక్టర్లు వాడతాయి. ఆ అదనపు 8 బైట్లలో డేటా సరిగ్గా ఉందో లేదో చెప్పే చెక్‌సమ్ దాచుకుంటాయి. ఆ అర్రేలో అది మంచి ఏర్పాటే. బయటికి తీసిన డిస్కును మాత్రం మామూలు సర్వర్ వాడుకోలేదు.

చేసింది:

1. ఎస్‌జీ యుటిలిటీస్ ప్యాకేజీలోని ఎస్‌జీ ఫార్మాట్ కమాండ్‌తో సెక్టర్ సైజు 512గా ఇచ్చి లో-లెవెల్ ఫార్మాట్ మొదలుపెట్టాను.
2. 12 డిస్కులకూ ఒకేసారి. ఫార్మాట్ పని డిస్కు లోపలే జరుగుతుంది కాబట్టి ఒకదానికి ఇంకొకటి అడ్డం కాదు.
3. సుమారు 9 గంటలు పట్టింది.

ఇక్కడే మొదటి తప్పు. ఆరో గంటలో, పెట్టెను ర్యాక్‌లో ఒక అర కిందికి మార్చడం కోసం పవర్ తీశాను. సర్వర్ వైపు ఏ పనీ నడుస్తున్నట్టు లేదు, అందుకే అనుమానం రాలేదు. మళ్ళీ ఆన్ చేస్తే 12 డిస్కులూ ఒకటే మాట: మీడియం ఫార్మాట్ కరప్టెడ్. డిస్కులు పాడైపోయాయనుకుని చాలా టెన్షన్ పడ్డాను. పాడవలేదు. ఫార్మాట్ మధ్యలో ఆగితే డిస్కు అలాగే చెబుతుంది, మొదటి నుంచి ఫార్మాట్ చేస్తే కోలుకుంటుంది. ఇంకో 9 గంటలు.

ఇప్పటిదాకా: వాడదగ్గ డిస్కులు 12, మొత్తం 48 టీబీ. సమయం 26 గంటలు.

దశ 2: కార్డు, కేబుల్, స్లాట్

సర్వర్‌కీ డిస్కులకీ మధ్య ఉండే కార్డు రెండు రకాలు. రెయిడ్ కంట్రోలర్ అయితే డిస్కులను తన వెనక దాచి, తను కట్టిన వాల్యూమ్‌ను మాత్రమే సర్వర్‌కి చూపిస్తుంది. హోస్ట్ బస్ అడాప్టర్, అంటే హెచ్‌బీఏ, ఒక్కో డిస్కునూ ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. నా కార్డులో రెయిడ్ ఫర్మ్‌వేర్ ఉంటే తీసి, దాన్ని ఉత్త హెచ్‌బీఏగా మార్చే ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ ఎక్కించాను. రెయిడ్ పని లైనక్స్ చూసుకుంటుంది. ఈ కార్డు చస్తే ఇంకే హెచ్‌బీఏ పెట్టినా అర్రే లేస్తుంది అనేది నాకు ముఖ్యం.

తరవాత వేగం లెక్క. ఒక్కో డిస్కు వరస రీడ్‌లో సెకనుకు సగటున 178 ఎంబీ ఇచ్చింది. 12 కలిపి 2,136 ఎంబీ రావాలి. అన్నీ ఒకేసారి చదివిస్తే వచ్చింది 1,560.

కేబుల్‌ని అనుమానించాను. ఎస్ఎఫ్ఎఫ్-8088 కనెక్టర్ ఉన్న కేబుల్‌లో 4 లేన్లు ఉంటాయి. 6 జీబీపీఎస్ లేన్ ఒక్కొక్కటి సెకనుకు 600 ఎంబీ మోస్తుంది. 6 వేల మెగాబిట్లను 8తో కాకుండా 10తో భాగించాలి, ఎందుకంటే ప్రతి 8 బిట్ల డేటాకి తీగ మీద 10 బిట్లు వెళ్తాయి. నాలుగు లేన్లకు 2,400 ఎంబీ. కేబుల్ చాలు. పెట్టె లోపల ఎక్స్‌పాండర్ ఉంటుంది, అది డిస్కులకు స్విచ్ లాంటిది: నాలుగు లేన్లను పన్నెండు డిస్కులకు పంచుతుంది. అక్కడా తేడా లేదు.

తేడా సర్వర్ లోపల ఉంది. కార్డుల వివరాలు చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌లో లింక్ స్టేటస్ లైను చూస్తే కార్డు 8 లేన్లది, స్లాట్ పొడవు 16 లేన్లది, కానీ ఆ స్లాట్‌కి తీగలున్నది 4 లేన్లకే, అదీ రెండో తరం పీసీఐఈ వేగంలో. అంటే గరిష్ఠం 2,000 ఎంబీ, చేతికొచ్చేది అంతకంటే తక్కువ. కార్డును పక్క స్లాట్‌లోకి మార్చగానే 2,090 వచ్చింది. స్లాట్ పొడవు చూసి నమ్మకండి, లింక్ స్టేటస్ చూడండి.

దశ 3: 12 డిస్కులు 24 అయ్యాయి

రెండో కేబుల్‌ని రెండో ఐఓ మాడ్యూల్‌కి తగిలించాను. డిస్కుల జాబితా ఒక్కసారిగా 24 అయింది.

సాస్ డిస్కుకి రెండు పోర్టులు ఉంటాయి, సాటా డిస్కుకి (మామూలు కంప్యూటర్లలో ఉండే రకం) ఒక్కటే. రెండు మాడ్యూల్స్ ద్వారా రెండు దారులున్నప్పుడు లైనక్స్ ఒకే డిస్కును ఎస్‌డీబీ అనీ, ఎస్‌డీఎన్ అనీ రెండు పేర్లతో చూపిస్తుంది. అవి రెండూ ఒకటేనని చెప్పేది వరల్డ్ వైడ్ నేమ్, డబ్ల్యూడబ్ల్యూఎన్. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. డిస్కుకి ఉన్న రెండు పోర్టులకూ వేర్వేరు సాస్ అడ్రస్‌లు ఉంటాయి, డిస్కు మొత్తానికి ఇంకో పేరు ఉంటుంది. నా డిస్కుల్లో ఈ మూడూ చివరి అంకెలో మాత్రమే తేడా. నేను పోర్టు అడ్రస్‌లు పోల్చి వేర్వేరు డిస్కులేమో అనుకుంటూ గంట పోగొట్టాను. పోల్చాల్సింది డిస్కు పేరు.

రెండు దారులను కలిపి ఒకే పరికరంగా చూపించేది మల్టీపాత్. ఒక దారి తెగితే రెండోదాని మీద పని నడుస్తుంది.

నా తప్పు వరసలో ఉంది. ముందు ఎస్‌డీ పేర్ల మీద టెస్ట్ అర్రే కట్టి, తరవాత మల్టీపాత్ ఆన్ చేశాను. రీబూట్ చేస్తే అర్రే ముందు లేచి డిస్కులను పట్టేసుకుంది, మల్టీపాత్‌కి "డివైస్ బిజీ" అని వచ్చింది. అర్రే నడుస్తోంది, కానీ ఒక్క దారి మీదే. ఒక కేబుల్ లాగి చూసేదాకా ఆ సంగతి నాకు తెలియలేదు.

మార్చింది:

1. టెస్ట్ అర్రే తీసేశాను.
2. మల్టీపాత్ ఆన్ చేసి, 12 పరికరాలు, ఒక్కోదానికి 2 దారులు వచ్చాయని లెక్కపెట్టాను.
3. అర్రే కాన్ఫిగ్ ఫైల్‌లో మ్యాపర్ పేర్లను (మల్టీపాత్ కలిపిన పరికరాలకు ఇచ్చేవి) మాత్రమే వెతకమని రాశాను. ఎస్‌డీ పేర్లు నిషేధం.
4. బూట్ ఇమేజ్‌ని మల్టీపాత్‌తో కలిపి మళ్ళీ తయారుచేశాను. ఇది మరిచిపోతే పై మూడూ దండగ.

ఇప్పటిదాకా: డిస్కులు 12, దారులు 24. సమయం 37 గంటలు.

దశ 4: రెయిడ్

10 డిస్కులతో రెయిడ్ 6, ఒక హాట్ స్పేర్ (ఏదైనా పోతే వెంటనే దాని చోటు తీసుకునేది), ఒక డిస్కు టెస్టుల కోసం పక్కన. పదే ఎందుకంటే రెండు డిస్కులంత చోటు పారిటీకి (పోయిన డేటాను తిరిగి లెక్కగట్టే అదనపు సమాచారం) పోగా 8 మిగులుతాయి. ఒక్కో డిస్కు మీద వరసగా రాసే ముక్కను చంక్ అంటారు, డిఫాల్ట్ 512 కేబీ. ఎనిమిది చంక్‌లు కలిస్తే పూర్తి స్ట్రైప్ 4 ఎంబీ. పెద్ద ఫైళ్ళు రాసేటప్పుడు ఇలా సరిసమానంగా కుదిరితే పాత పారిటీని చదివే పని తప్పుతుంది.

కెపాసిటీ లెక్క: 8 × 4 = 32 టీబీ. లైనక్స్ చూపించింది 29.1. ఏదీ పోలేదు. డిస్కు పెట్టె మీద టీబీ అంటే పదిలో లెక్క, లైనక్స్ లెక్క 1,024లో.

మొదటి సింక్‌కి 9 గంటల 10 నిమిషాలు పట్టింది. డిస్కుకి సగటున సెకనుకు 121 ఎంబీ. అంచున 178 ఇచ్చే డిస్కు లోపలి ట్రాకులకు వచ్చేసరికి బాగా నెమ్మదిస్తుంది. రీబిల్డ్ సమయం లెక్కగట్టేటప్పుడు అంచు వేగం వేసుకోకండి.

చిన్న రైట్‌ల దగ్గర రెయిడ్ 6 ఖరీదు తెలుస్తుంది. ఒక చిన్న ముక్క మార్చాలంటే పాత డేటా, రెండు పాత పారిటీలు చదవాలి, మళ్ళీ ఆ మూడూ రాయాలి. ఒక రైట్‌కి ఆరు పనులు. దీన్నే రైట్ పెనాల్టీ అంటారు. రెయిడ్ 10లో రెండే. ఫియో అనే వేగం కొలిచే టూల్‌తో 4 కేబీ యాదృచ్ఛిక రైట్‌లు, క్యూ డెప్త్ 32తో (ఒకేసారి 32 వరసలో) కొలిచాను:

రెయిడ్ 6: సెకనుకు 190.
రెయిడ్ 10, అవే డిస్కులతో: 610.

నేను దాచబోయేవి పెద్ద ఫైళ్ళు, అందుకే రెయిడ్ 6కే ఉండిపోయాను. డేటాబేస్ పెట్టాలనుకునేవాళ్ళు ఆ రెండు అంకెలు చూసి నిర్ణయించుకోండి. అన్నట్టు, 1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పేపర్‌లో రెయిడ్ 1 నుంచి 5 దాకానే ఉన్నాయి. ఆరోది తరవాత చేరింది.

సాటా డిస్కులు వాడేవాళ్ళకు ఒక మాట. చెడ్డ సెక్టర్ తగిలినప్పుడు డిస్కు తనంతట తాను ఎంతసేపు ప్రయత్నించాలో స్మార్ట్‌సీటీఎల్‌తో 7 సెకన్లకు కుదించండి. లైనక్స్ 30 సెకన్లే ఆగుతుంది, అంతకు మించితే లింక్ రీసెట్ చేస్తుంది. బాగున్న డిస్కు కూడా అలా అర్రే నుంచి బయటికి పోతుంది.

దశ 5: ఒకే లన్, ఇద్దరు యజమానులు

ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడే.

అర్రేని వాల్యూమ్‌లుగా కోసి, ఒక్కో వాల్యూమ్‌కి ఒక నంబరిచ్చి బయటికి చూపిస్తే అది లన్. ఇచ్చే వైపు టార్గెట్, అడిగే వైపు ఇనిషియేటర్. డిస్కు ఆదేశాలను మామూలు నెట్‌వర్క్ మీద పంపే పద్ధతి ఐస్కజీ, దాని పోర్టు 3260. ఇందులో ప్రతి పక్షానికీ ఒక ఐక్యూఎన్ పేరు ఉంటుంది. ఫైబర్ ఛానల్‌లో ఇదే పాత్ర కార్డు పోర్టు డబ్ల్యూడబ్ల్యూఎన్‌ది. అక్కడ స్విచ్‌లో ఎవరు ఎవరితో మాట్లాడొచ్చో చెప్పడం జోనింగ్, అర్రేలో ఏ సర్వర్‌కి ఏ లన్ కనిపించాలో చెప్పడం లన్ మాస్కింగ్.

లన్ 0ని 12 టీబీతో చేసి సర్వర్ బికి ఇచ్చాను. ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ వేసి, చెక్‌సమ్‌లు రాసుకున్న 412 టెస్ట్ ఫైళ్ళు పెట్టాను. త్వరగా చూద్దామని టార్గెట్‌లో ఎవరొచ్చినా ఒప్పుకునే డెమో మోడ్ వదిలేశాను.

తరవాత సర్వర్ సి నుంచి అదే టార్గెట్‌లోకి లాగిన్ అయ్యాను. 12 టీబీ డిస్కు కనిపించింది. మౌంట్ చేశాను, ఏ హెచ్చరికా రాలేదు. బి పెట్టిన ఫైళ్ళన్నీ కనిపించాయి. సి నుంచి కొన్ని ఫైళ్ళు కాపీ చేశాను. బిలో చూస్తే అవి లేవు. అప్పుడే ఆగాల్సింది. రిఫ్రెష్ కాలేదనుకుని బి నుంచి ఇంకొన్ని రాశాను. బిని అన్‌మౌంట్ చేసి మళ్ళీ మౌంట్ చేస్తే మొదటి డైరెక్టరీలోనే "స్ట్రక్చర్ నీడ్స్ క్లీనింగ్". రిపేర్ అయ్యాక 412లో 37 ఫైళ్ళ చెక్‌సమ్‌లు కలవలేదు.

లన్ అంటే ఫైల్ షేర్ కాదు, డిస్కు. ఏ బ్లాకు ఖాళీగా ఉందో ఎక్స్‌టీ4 తన మెమరీలో గుర్తుపెట్టుకుంటుంది, డిస్కుకి ఇంకో యజమాని ఉండొచ్చన్న ఊహే దానికి లేదు. బి ఖాళీ అనుకున్న చోట సి రాసింది, సి ఖాళీ అనుకున్న చోట బి రాసింది. ఇద్దరికీ ఒకే ఫైళ్ళు కావాలంటే ఎన్ఎఫ్ఎస్ లాంటి ఫైల్ షేర్ పెట్టాలి, లేదా జీఎఫ్ఎస్2, ఓసీఎఫ్ఎస్2 లాంటి క్లస్టర్ ఫైల్ సిస్టమ్ వేయాలి.

మార్చింది:

1. డెమో మోడ్ ఆపేశాను.
2. బి ఐక్యూఎన్‌కి లన్ 0 మాత్రమే.
3. సి కోసం కొత్తగా 8 టీబీ లన్ 1. మిగిలిన 12 టీబీ ఎవరికీ ఇవ్వలేదు.
4. రెండింటికీ వేర్వేరు చాప్ (ఐస్కజీ లాగిన్) పాస్‌వర్డ్‌లు పెట్టే ముందు, పాస్‌వర్డ్ లేకుండానే ఒకసారి పరీక్ష.

ఆ పరీక్షలో సికి మళ్ళీ లన్ 0నే కనిపించింది. పైగా సి లాగిన్ అయిన ప్రతిసారీ బి సెషన్ తెగిపోతోంది, బి మళ్ళీ కలిస్తే సి తెగిపోతోంది. స్విచ్ పాడైందేమోనని రెండు గంటలు వెతికాను. చివరికి రెండు సర్వర్లలోనూ ఇనిషియేటర్ నేమ్ ఫైల్ తెరిచి పక్కపక్కన పెట్టి చదివితే ఒక్క అక్షరం తేడా లేదు. సిని నేను బి ఇమేజ్ నుంచి క్లోన్ చేశాను. ఐక్యూఎన్ కూడా దానితోపాటే వచ్చేసింది. టార్గెట్ దృష్టిలో బి, సి ఒకే మనిషి, మళ్ళీ మళ్ళీ లాగిన్ అవుతున్నాడు.

సిలో కొత్త ఐక్యూఎన్ తయారుచేసి సర్వీస్ రీస్టార్ట్ చేయగానే రెండు సమస్యలూ పోయాయి. క్లోన్ చేసిన సర్వర్ ఏదైనా సరే, నెట్‌వర్క్‌లో పెట్టేముందు ఆ ఫైల్ మార్చాలి.

ఇప్పటిదాకా: లన్‌లు 2, ఇచ్చింది 20 టీబీ, మిగిలింది 12. సమయం 64 గంటలు.

దశ 6: రెండు నెట్‌వర్క్ దారులు, ఒకే వేగం

బి నుంచి వరస రీడ్ సెకనుకు 1,120 ఎంబీ. 10 గిగాబిట్ లింక్ ఒక్కదానికి ఇది మంచి అంకె. కానీ మల్టీపాత్‌లో రెండు దారులూ యాక్టివ్ అని చూపిస్తున్నా ఇంతే వచ్చింది. పోర్టు కౌంటర్లు చూస్తే రెండో పోర్టు దాదాపు ఖాళీ. రెండు పోర్టులకూ ఒకే సబ్‌నెట్‌లో ఐపీలు ఇచ్చాను. ఒకే సబ్‌నెట్‌కి లైనక్స్ ఒకే పోర్టు ఎంచుకుని అన్నీ దాని మీదే పంపుతుంది. ఒకదాన్ని 192.168.10లో, రెండోదాన్ని 192.168.20లో పెట్టాక 1,380 వచ్చింది. సర్వర్ ఎ మీద నేరుగా కొలిస్తే 1,430 కాబట్టి ఇప్పుడు హద్దు డిస్కులదే.

జంబో ఫ్రేమ్స్ (1,500 బదులు 9,000 బైట్ల పెద్ద ప్యాకెట్లు) దగ్గర ఒక పూట పోయింది. లాగిన్ బాగుంది, చిన్న ఫైళ్ళు బాగున్నాయి, పెద్ద రైట్ మొదలవగానే వేలాడిపోయేది. స్విచ్‌లో ఒక్క పోర్టు 1,500 దగ్గరే ఉండిపోయింది. ముక్కలు చేయొద్దని చెప్పి 8,972 బైట్ల పింగ్ పంపండి. ఐపీ, ఐసీఎంపీ హెడర్ల 28 బైట్లు కలిపితే సరిగ్గా 9,000. అది వెళ్తేనే దారి సిద్ధం.

కేబుల్ లాగుడు పరీక్ష: ఫైల్ కాపీ నడుస్తుండగా ఒక కేబుల్ తీశాను. కాపీ ఆగిపోయింది. స్టాప్‌వాచ్ చూస్తూ కూర్చున్నాను. 128 సెకన్ల తరవాత రెండో దారి మీద కదిలింది. ఐస్కజీ ఇనిషియేటర్‌లో రీప్లేస్‌మెంట్ టైమౌట్ డిఫాల్ట్ 120 సెకన్లు, అంటే తెగిన దారి తిరిగొస్తుందేమోనని అంతసేపు పైవాళ్ళకు చెప్పకుండా ఆగుతుంది. ఒకే దారి ఉన్నప్పుడు ఆ ఓపిక అవసరం. రెండో దారి సిద్ధంగా ఉన్నప్పుడు అక్కర్లేదు. 5 చేశాను. ఇప్పుడు 13 సెకన్లు.

దశ 7: తప్పు ట్రే

డిస్కు మార్చడం ప్రాక్టీస్ చేద్దామని హాట్ స్పేర్‌ని తాత్కాలికంగా తీసేసి, స్లాట్ 7లో ఉన్న డిస్కును ఫెయిల్ అని మార్క్ చేశాను. 7 అని స్టిక్కర్ ఉన్న ట్రే మీట నొక్కి రెండు వేళ్ళంత బయటికి లాగాను. ట్రేలో డిస్కు ఇంకా తిరుగుతున్న వణుకు చేతికి తెలుస్తోంది, చుట్టు తగ్గేకొద్దీ సన్నని కూత దిగిపోతోంది. స్క్రీన్ దగ్గరున్న మా తమ్ముడులాంటి కుర్రాడు అన్నాడు, "అన్నా, ఇంకో డిస్కు కూడా పోయిందని చూపిస్తోంది."

సాఫ్ట్‌వేర్‌లో స్లాట్‌లు 0 నుంచి, స్టిక్కర్లు 1 నుంచి. నేను లాగింది స్లాట్ 6, ఆరోగ్యంగా ఉన్న డిస్కు. పదిలో రెండు పోయాయి. రెయిడ్ 6 కాబట్టి వాల్యూమ్ నిలబడింది, బిలో కాపీ కూడా ఆగలేదు. ఇంకొక్కటి పోతే మాత్రం అంతా పోయేది.

1. చుట్టు పూర్తిగా ఆగేదాకా 30 సెకన్లు ఆగి, ట్రేని అదే స్లాట్‌లో పెట్టాను.
2. రెండు దారులూ తిరిగొచ్చాయని మల్టీపాత్‌లో చూశాను.
3. రీ-యాడ్ చేశాను. ఎక్కడెక్కడ రాశామో గుర్తుంచుకునే రైట్ ఇంటెంట్ బిట్‌మ్యాప్ ఉంది కాబట్టి మారిన భాగాలే సింక్ అయ్యాయి: 50 సెకన్లు. అది లేకపోతే 9 గంటల పైమాటే.
4. హాట్ స్పేర్‌ని మళ్ళీ చేర్చాను. రీబిల్డ్ 9 గంటల 40 నిమిషాలు.

ఆ రాత్రే స్టిక్కర్లన్నీ పీకి, ప్రతి ట్రే మీదా స్లాట్ నంబరు, దాని కింద డబ్ల్యూడబ్ల్యూఎన్ చివరి ఆరు అక్షరాలు రాసి అంటించాను. ఇప్పుడు ట్రే ముట్టుకునే ముందు లొకేట్ లైటు వెలిగించి, వెలిగిన ట్రే మీది అక్షరాలను ఒకరు పైకి చదువుతారు, ఇంకొకరు స్క్రీన్ మీద సరిచూస్తారు. రెండు రోజుల తరవాత ఇలాగే స్లాట్ 7 డిస్కును తీసి, పక్కన ఉంచిన పన్నెండోదాన్ని దాని చోట హాట్ స్పేర్‌గా పెట్టాం.

మొత్తం: డిస్కులు 10, స్పేర్ 1, డిస్కు దారులు 22, నెట్‌వర్క్ దారులు సర్వర్‌కి రెండేసి చొప్పున 4, సమయం 93 గంటలు. కొత్తగా రాసిన 412 ఫైళ్ళ చెక్‌సమ్‌లు రీబిల్డ్ తరవాత మళ్ళీ లెక్కించాను. 412 కలిశాయి.